ఈఆర్‌జీ అంకె మారితే కన్ను మారినట్టేనా? మీ గదిలోనే తేల్చుకునే పద్ధతి

పోయినేడు ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్: మెరుపు చూపించి రెటీనా పుట్టించే సన్నని విద్యుత్తును కొలిచే పరీక్ష) చేయించుకున్న మనిషి ఈ ఏడు మళ్లీ వస్తాడు. రేచీకటి. రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా కణాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు) అని తేలిన కేసు. పరీక్ష అయిపోయి ముఖం మీది తీగలు తీస్తుండగానే అడుగుతాడు: "సార్, పోయినసారి కంటె జర మంచిగైందా, తగ్గిందా?" మీ ముందు రెండు అంకెలుంటాయి. అప్పుడు 24 మైక్రోవోల్టులు, ఇప్పుడు 21. ఏం చెప్తారు?

ఏ మార్పూ లేని కంటిని మీ గదిలో, మీ మిషన్ మీద రెండుసార్లు కొలిస్తే అంకె ఎంత అటూ ఇటూ అవుతుందో తెలియనంతవరకు ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు. పుస్తకంలోంచి తెచ్చుకుంటే కుదరదు. మిషన్ అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంతో అసలే కుదరదు. మీరే కొలుచుకోవాలి. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కంటి ఆసుపత్రుల్లో ఈఆర్‌జీ గదిలో కొత్తగా పని మొదలుపెట్టిన ఆప్టోమెట్రిస్టుల కోసం, టెక్నీషియన్ల కోసం ఆ పద్ధతి రాస్తున్నాను.

ముందు పద్ధతిని గోడకు అతికించండి

ఒక్కోసారి ఒక్కోలా చేసే పరీక్షను ఎన్నిసార్లు కొలిచినా తేలేదేమీ ఉండదు. కంటి విద్యుత్ పరీక్షలకు ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంఘం ఐఎస్‌సీఈవీ. ఫుల్‌ఫీల్డ్ ఈఆర్‌జీకి (మొత్తం రెటీనా మీద వెలుగు పడేలా చేసేది) 1989లో మొదటి ప్రమాణం ఇచ్చింది, 2022లో మళ్లీ సవరించింది. అందులోని ముఖ్యమైన అంకెలను తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు పెట్టుకోండి. కంటిపాప పూర్తిగా విప్పారాలి. చీకట్లో 20 నిమిషాలు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత చదరపు మీటరుకు 0.01 క్యాండెలా సెకన్ల సన్నని మెరుపు, ఆపైన 3, ఆపైన 10. తర్వాత చదరపు మీటరుకు 30 క్యాండెలాల వెలుగులో 10 నిమిషాలు, ఆ వెలుగులోనే 3 మెరుపు, చివర్లో 30 హెర్ట్జ్ ఫ్లికర్, అంటే సెకనుకు 30 మెరుపులు.

మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎడం కూడా రాసుకోండి. చీకట్లో ఇచ్చే 0.01కి కనీసం 2 సెకన్లు, 3కి 10 సెకన్లు, 10కి 20 సెకన్లు. బయట వరుస పెద్దగా ఉన్న రోజు చేయి ముందుగా పోయేది ఇక్కడే. ఎడం తగ్గితే రాడ్ కణాలు (మసక వెలుగులో చూసే రెటీనా కణాలు) కోలుకోవు, బీ వేవ్ (అలలో పైకి లేచే శిఖరం) చిన్నదవుతుంది, జబ్బు ముదిరిందని మీరనుకుంటారు.

గట్టి వెలుగు వేసి కంటి లోపల తీసే ఫండస్ ఫొటో, యాంజియోగ్రఫీ లాంటివి ఈఆర్‌జీ తర్వాతే. ముందే తీసేసి ఉంటే మామూలు గది వెలుతురులో కనీసం అరగంట ఆపి, ఆ తర్వాత చీకటి లెక్క మొదలుపెట్టండి. డాక్టర్‌గారు "అంతా ఒకేసారి కానిచ్చేయండి" అని రాసి పంపిస్తారు. ఏది ముందో ఆయనకు చెప్పి ఒప్పించడం కూడా మీ పనే.

గది, కరెంటు

మీరు కొలిచేది మైక్రోవోల్టుల్లో. గోడలోని తీగల్లో పారేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. అది లోపలికి చొరబడితే అల మీద సన్నని రంపపు పళ్లలా కనిపిస్తుంది. నాచ్ ఫిల్టర్ (50 హెర్ట్జ్‌ను కోసేసే మీట) నొక్కేసి పళ్లు పోయాయనుకోవద్దు, దానితోపాటు అల ఆకారం కూడా చెడుతుంది. దొంగను వెతకండి: సెల్‌ఫోన్ ఛార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ బల్బు డ్రైవర్, గోడ అవతల పక్కగదిలోని మోటారు. ఒక్కొక్కటీ ఆపుతూ తెర మీద చూడండి. ఎర్తింగ్ సరిగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. కొన్ని చౌకరకం ఇన్వర్టర్లు సాఫీ కరెంటు ఇవ్వవు కాబట్టి ఇన్వర్టర్ మీద తీసిన రికార్డుకు ఆ మాట తప్పకుండా రాసి పెట్టండి.

కరెంటుతో వచ్చే ఇంకో తిప్పల గురించి ఏ ప్రమాణంలోనూ ఉండదు. మనిషి 18 నిమిషాలుగా చీకట్లో కూర్చున్నాడు. కరెంటు పోయింది. మూలనున్న ఎమర్జెన్సీ లైటు దానంతటదే భళ్లున వెలిగింది. అంతే, 18 నిమిషాలూ గాలికి. అలాంటి లైటు ఆ గదిలో ఉండనే కూడదు. వెలిగిందే అనుకోండి, మిగిలిన రెండు నిమిషాలు చూసి మొదలుపెట్టకండి, లెక్క మొదటినుంచి రావాలి.

మనిషి ముఖం పెట్టి మెరుపులు చూసే గిన్నె లోపలి తెల్లదనం మీద దుమ్ము పడితే వెలుగు తగ్గుతుంది. ఎండాకాలంలో మన దగ్గర దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. తుడిచే పద్ధతి కంపెనీ చెప్పినట్టే, ఫొటోమీటరుతో మెరుపు బలం చూడటం మాత్రం వరుస తప్పకుండా, తేదీ వేసి.

ఎలక్ట్రోడ్: సగం గొడవ ఇక్కడే

నన్నడిగితే రెండు పరీక్షల మధ్య తేడాకు కంటికన్నా, మిషన్‌కన్నా, ఎలక్ట్రోడ్ పెట్టిన చేయే ఎక్కువసార్లు కారణం. అందుకే ఈ ఒక్కదాని మీద ఎక్కువసేపు ఉంటాను.

కాంటాక్ట్ లెన్స్ ఎలక్ట్రోడ్ అయితే అల పెద్దగా వస్తుంది, డీటీఎల్ దారమైతే (కంటి అంచున పెట్టే, కరెంటు పారే సన్నని దారం) అంతకన్నా చిన్నగా, కింది రెప్ప చర్మం మీద అతికించేదైతే ఇంకా చాలా చిన్నగా. కాబట్టి పోయినసారి లెన్స్, ఈసారి దారం అయితే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టనే కూడదు. డీటీఎల్ దారాన్ని 1979లో తెచ్చారు. సన్నగా మెత్తగా ఉంటుంది, మనవాళ్లు తేలిగ్గానే ఓర్చుకుంటారు. కానీ అది జారుతుంది. కింది రెప్ప అంచు వెంట, కార్నియాను ఆనుకుని ఉంటే ఒక అంకె, రెప్ప లోపలి మడతలోకి దిగిపోతే అంతకన్నా చిన్న అంకె. రెప్ప గట్టిగా కొట్టినప్పుడల్లా దిగుతుంది. ఎక్కడ పెట్టాలో మీ ఆసుపత్రిలో ఒకటే తేల్చుకోండి. ప్రతి మెరుపు వరుసకు ముందు సన్నని ఎర్ర వెలుతురులో అది అక్కడే ఉందో లేదో చూడండి. చీకటి అయ్యాక ఎర్ర వెలుతురులో ఎలక్ట్రోడ్ పెట్టాల్సి వస్తే ఆ తర్వాత ఇంకో 5 నిమిషాలు చీకట్లో ఉంచి మొదలుపెట్టండి.

చర్మం శుభ్రం చేయడం చిన్నపనిలా కనిపిస్తుంది గానీ కాదు. నుదుట కొబ్బరినూనె జారి ఉంటుంది. ఆడవాళ్లకు ముఖాన పసుపు, కుంకుమ, కళ్లకు కాటుక. మే నెలలో చెమట. వీటి మీద జెల్ పూసి ఎలక్ట్రోడ్ అతికిస్తే ఇంపెడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య కరెంటుకు అడ్డు) దిగదు. స్పిరిట్ దూదితో తుడిచి, ప్రెప్ జెల్‌తో కాస్త రుద్ది, 5 కిలో ఓమ్‌ల లోపుకు తెచ్చి ఆ అంకె రాసుకోండి. "బొట్టు తీసేయమ్మా" అనే మాట మాత్రం అనకండి. గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌ను చెవి తమ్మెకు పెట్టొచ్చు. ఒకసారి చెవికి పెడితే ప్రతిసారీ చెవికే. రిఫరెన్స్ (పోల్చడానికి పెట్టే రెండో ఎలక్ట్రోడ్) కంటి బయటి కొస పక్కన ఎక్కడ పెట్టారో, ఎంత దూరంలో పెట్టారో ఫైల్లో చిన్న బొమ్మ గీయండి. నాలుగు లైన్ల వర్ణన కన్నా ఆ బొమ్మే వచ్చే ఏడాది అక్కరకొస్తుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దించి నేరుగా మీ దగ్గరికి వచ్చిన రైతు కళ్లు మండుతూ, నీళ్లు కారుతూ ఉంటాయి. ఆ కళ్లలో దారం నిలవదు, రెప్ప ఆగదు. అప్పటికప్పుడు పరీక్ష చేయకుండా ఇంకో రోజు రమ్మనడమే నయం. దూరం నుంచి వచ్చాడని జాలిపడి తీసిన రికార్డు ఆయనకే చెరుపు చేస్తుంది.

మార్పు లేని కళ్లను రెండుసార్లు కొలవడం

ఇప్పుడు అసలు పని. కళ్లు బాగున్నవాళ్లను కొందరిని ఒప్పించండి: మీ సిబ్బంది, వాళ్ల ఇంటివాళ్లు. 20 మందైనా ఉండాలి, వయసులు కలగలుపుగా ఉండాలి. వయసుతో అల చిన్నదవుతుంది, మైనస్ పవర్ బాగా ఉన్నవాళ్లకూ చిన్నగానే ఉంటుంది, అందుకని ఆ రెండూ రాసుకోండి. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుందని, ఆ ఎండలో బండి నడపొద్దని ముందే చెప్పండి. ఫిట్స్ వచ్చే మనిషైతే ఫ్లికర్‌కు కూర్చోబెట్టకండి. దీన్ని పరిశోధనగా అచ్చు వేయాలనుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి మొదలుపెట్టకముందే తీసుకోవాలి.

రెండు పరీక్షల మధ్య ఎంత ఎడం? ఒకే రోజు పొద్దున, సాయంత్రం తీస్తే ఎలక్ట్రోడ్ రాపిడికి కన్ను అలిసి ఉంటుంది. ఆరు నెలలు ఆగితే కన్ను నిజంగానే మారిందేమోనన్న అనుమానం వస్తుంది. వారం నుంచి నెల లోపు పెట్టుకోండి. గంట కూడా అదే ఉండాలి. తెల్లవారి వెలుతురు పడ్డాక రాడ్ కణాలు తమ కొసల్లోని పాత బిళ్లలను రాల్చుకుంటాయి. ఆ వేళకు రాడ్ ఈఆర్‌జీ కొంచెం తగ్గుతుంది. మొదటిసారి పొద్దున్నే తీసి, రెండోసారి మధ్యాహ్నం తీస్తే ఆ తేడా మీ లెక్కలోకి దొంగచాటుగా చేరుతుంది.

ఒక్కో మెరుపుకు కనీసం రెండు అలలు తీయండి, ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. అక్కడే పొసగకపోతే మనిషి రెప్ప కొడుతున్నాడు, లేదా దారం జారింది. ఆ రోజు అంకె తీసుకోవద్దు.

కొలిచే చోటు అందరికీ ఒకటే. ఏ వేవ్ (ఇంగ్లిష్ అక్షరం ఏ; అలలో మొదటి పల్లం) ఆంప్లిట్యూడ్, అంటే ఎత్తు, బేస్‌లైన్ నుంచి పల్లం వరకు. బీ వేవ్ ఆ పల్లం నుంచి శిఖరం వరకు, బేస్‌లైన్ నుంచి కాదు. సమయం మెరుపు పడ్డ క్షణం నుంచి శిఖరం దాకా. కర్సర్ పెట్టేది మనిషైతే ఆ మనిషినీ పరీక్షించాలి. పేర్లు, తేదీలు తీసేసిన అలలను కొన్నాళ్ల తర్వాత అదే టెక్నీషియన్ చేత, ఇంకో టెక్నీషియన్ చేత మళ్లీ గుర్తు పెట్టించండి. పోయినసారి అంకె చూస్తూ ఈసారి కర్సర్ పెడితే చేయి అటే పోతుంది. అందులో ఎవరి తప్పూ లేదు, మనిషి చేయి అంతే.

లెక్క

చాలామంది చేసే పని: మొదటిసారి, రెండోసారి అంకెలకు కోరిలేషన్ (రెండు వరుసలు కలిసి పెరిగే, తగ్గే తీరుకు కొలత) తీసి, 0.9 వచ్చింది కాబట్టి పరీక్ష భేషుగ్గా ఉందనడం. రెండోసారి అందరి అంకెలూ సరిగ్గా సగానికి పడిపోయినా కోరిలేషన్ 1 వస్తుంది. అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఒకే మనిషికి రెండు అంకెల మధ్య తేడా ఎంత అన్నదే ప్రశ్న. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు లాన్సెట్ పత్రికలో ఈ సంగతినే విడమరచి చెప్పారు. ఒక్కో మనిషి రెండు అంకెల సగటును అడ్డంగా, తేడాను నిలువుగా పెట్టి చుక్కలు వేయమన్నారు. ఆ బొమ్మ ఎక్సెల్‌లో వేసుకోవచ్చు.

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి ఐదుగురి ఫ్లికర్ అంకెలు అనుకుందాం. ఇవి కల్పించిన అంకెలే, మీవి మీరు తీసుకోవాలి. 112 తర్వాత 104, 96 తర్వాత 108, 130 తర్వాత 121, 84 తర్వాత 90, 118 తర్వాత 103. తేడాలు 8, మైనస్ 12, 9, మైనస్ 6, 15. ముందు తేడాల సగటు చూడండి: 2.8. అది సున్నాకు దగ్గరగా ఉండాలి. బాగా ఒక పక్కకే ఒరిగితే రెండు రోజుల మధ్య గదిలోనో మెరుపులోనో ఏదో మారినట్టు, లెక్క ఆపి దాన్ని వెతకాలి. ఇక వర్గాలు: 64, 144, 81, 36, 225. కలిపితే 550. మనుషుల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 10తో భాగిస్తే 55. దాని వర్గమూలం 7.4. ఒకే మనిషిలో అంకె సహజంగా ఊగే కొలత అది. దాన్ని 2.77తో గుణించండి, 20.5 మైక్రోవోల్టులు వస్తుంది. 1.96ను రెండు వర్గమూలంతో గుణిస్తే వచ్చేదే ఆ 2.77. కన్ను మారకపోయినా 20 సార్లలో 19 సార్లు రెండు అంకెల తేడా ఇంతలోపే ఉంటుందన్నమాట.

సగటు 107 దగ్గర ఉన్నవాళ్లలో 20 మైక్రోవోల్టులు సరే. మరి మొత్తం 24 మాత్రమే మిగిలిన రేచీకటి మనిషికి? ఆ 20ని అక్కడ పెడితే అర్థమే లేదు. పెద్ద అంకె పెద్దగా, చిన్న అంకె చిన్నగా ఊగుతుంది. అందుకే ఆంప్లిట్యూడ్‌లకు ముందు లాగరిథం తీసి, తేడాలు, వర్గాలు అన్నీ ఆ లాగ్‌ల మీద చేయాలి. పై ఐదుగురికే అలా చేస్తే ఊగు 0.030 లాగ్ యూనిట్లు, 2.77తో గుణిస్తే 0.083. దాన్ని మామూలు అంకెలోకి తిప్పితే 1.21 రెట్లు. పెరుగుదల అయితే 21 శాతం దాటాలి, తగ్గుదల అయితే 17 శాతం దాటాలి. రెండు వైపులా ఒకే శాతం రాదు, కంగారుపడకండి. 24ను 1.21తో గుణించినా భాగించినా అదే సూత్రం.

మొదట్లో అనుకున్న మనిషికి వద్దాం. 24 నుంచి 21కి అంటే 12.5 శాతం తగ్గుదల. ఈ కల్పిత గది లెక్కన అది ఊగు లోపలే.

రెండు జాగ్రత్తలు. పది మంది రెండేసి కళ్లను 20 అని లెక్కించకండి, ఒకే మనిషి రెండు కళ్లు కలిసే ఊగుతాయి. కుడికన్నో, రెండింటి సగటో ఏదో ఒకటి తీసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం: బాగున్నవాళ్ల దగ్గర తెచ్చిన హద్దు రోగులకు సరిపోకపోవచ్చు. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఊగు సాధారణంగా ఎక్కువ. అల చిన్నది, మధ్యలో చొరబడే విద్యుత్ రొద మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఒప్పుకున్న కొందరు రోగులనూ నెలలోపు రెండుసార్లు పిలిచి, వాళ్లకు వేరే హద్దు కట్టండి. మన జిల్లాల్లో మేనరికాలు ఇంకా ఉన్నాయి, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు రేచీకటి వాళ్లు కనిపిస్తారు. వాళ్లు కలిసి వస్తారు, కలిసి కూర్చుంటారు. పిలిస్తే వచ్చేదీ వాళ్లే.

సమయాల లెక్క వేరుగా చేయండి. వాటికి లాగ్ అక్కర్లేదు. ఫ్లికర్ శిఖర సమయం ఆంప్లిట్యూడ్ ఊగినంతగా ఊగదు. దారం కొద్దిగా జారితే ఎత్తు తగ్గుతుంది గానీ శిఖరం వచ్చే క్షణం పెద్దగా జరగదు. ఎత్తు తగ్గి, సమయం అలాగే ఉంటే ముందు ఎలక్ట్రోడ్‌ను అనుమానించండి. రెండూ కదిలితే డాక్టర్‌గారిని పిలవండి.

పాటర్న్, మల్టీఫోకల్

పాటర్న్ ఈఆర్‌జీ (మెరుపుకు బదులు గళ్ల బొమ్మ చూపించేది) మొత్తం కొన్ని మైక్రోవోల్టులే, కాబట్టి ఊగు శాతంలో ఇంకా పెద్దది. ఇక్కడ చుక్కల మందు వేయకూడదు, అద్దాల పవర్ సరిగ్గా పెట్టాలి, చూపు నడిమి గుర్తు మీదే ఉండాలి. మల్టీఫోకల్‌లో (రెటీనాను గడులుగా విడదీసి ఒక్కో గడిని కొలిచేది) చూపు కొంచెం పక్కకు పోతే నడి గడి చచ్చినట్టు కనిపిస్తుంది. కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్లతరబడి మింగేవాళ్లకు ఆ మందు రెటీనాను దెబ్బతీస్తోందేమో చూడటానికి ఈ పరీక్ష రాసి పంపుతారు. తప్పుగా తీసిన నడి గడి చూసి అవసరమైన మందు ఆపించేస్తే ఆ మనిషి కీళ్లు మళ్లీ పట్టేస్తాయి. కెమెరాలో చూపు చూస్తూ ఉండండి, అనుమానం ఉంటే అదే వారంలో మళ్లీ తీయండి.

రోగి ముందు

మొదటిసారి వచ్చినవాళ్లు బిగుసుకుని కూర్చుంటారు, రెప్ప బిగిస్తారు. రెండోసారికి అలవాటవుతుంది, అంకె పెరుగుతుంది. పైగా మొదటిసారి మరీ తక్కువ వచ్చినవాళ్లనే మనం మళ్లీ రమ్మంటాం. తక్కువ వచ్చిన అంకెలో కొంత ఆ రోజు దురదృష్టం ఉంటుంది, రెండోసారి అది సగటు వైపు జరుగుతుంది. ఈ మధ్యలో ఆ మనిషి ఏదో మందు వాడి ఉంటే పేరంతా ఆ మందుకే. అందుకే దీర్ఘకాలం చూడాల్సిన కొత్త రోగికి మొదట్లోనే, కొద్దివారాల్లో, రెండు పరీక్షలు చేసి ఆ రెండింటినీ కలిపి మొదలు అంకెగా పెట్టుకోండి. ఒకదాని మీదే ఆధారపడితే ఆ తర్వాతి ఏళ్లన్నీ దాని తప్పును మోస్తాయి.

రిపోర్టులో మీ గది హద్దు రాయండి: "ఈ ల్యాబ్‌లో ఇంత శాతం లోపు తేడాను మార్పుగా లెక్కించలేం." మార్పు లేదు అని రాయకండి, అది వేరే మాట. నెమ్మదిగా తగ్గే జబ్బులో ఒక ఏడాది నష్టం ఊగులో దాక్కోవచ్చు. మూడో ఏడు, నాలుగో ఏడు కూడా అదే దిక్కుకు పోతే అప్పుడు కనిపిస్తుంది. మనిషికి చెప్పేటప్పుడు కూడా ఇదే: "అన్నా, ఈసారికైతే ఫరక్ ఉన్నదని గట్టిగ చెప్పలేం. వచ్చే ఏడు ఇదే నెలల, ఇదే టైముకు రా. అప్పుడు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం." ఎక్కువమంది ఒప్పుకుంటారు. కోపగించుకునేది తగ్గిందని ఒకసారి, పెరిగిందని ఇంకోసారి చెప్పినప్పుడే.

ఎలక్ట్రోడ్ కంపెనీ మారినా, మెరుపు బల్బు మార్చినా, గది మారినా, కొత్త టెక్నీషియన్ చేరినా పాత హద్దు చెల్లదు. మొత్తం 20 మందిని మళ్లీ పిలవలేకపోతే ఓ ఆరేడుగురినైనా కొలిచి, కొత్త తేడాలు పాత హద్దుల్లో పడుతున్నాయా చూడండి. హైదరాబాద్‌లో తీసిన రిపోర్టు పట్టుకుని వచ్చినవాళ్ల అంకెను మీ అంకె పక్కన పెట్టి తీసివేత చేయకండి. ఆ ల్యాబ్ ఆరోగ్యవంతుల హద్దుల్లో అది ఎక్కడ ఉందో, మీ హద్దుల్లో ఇది ఎక్కడ ఉందో మాత్రమే రాయండి. కాజీపేటలో బండెక్కి హైదరాబాద్ పోయి రావడం వాళ్లకు కుదిరితే వరుస పరీక్షలన్నీ అక్కడే చేయించుకోమనండి. కుదరకపోతే అన్నీ మీ దగ్గరే.